ఇయోసిన్: ఒక రంగు, ఒక పేరు, ఒక రక్తకణం

తెలుగునాట 'ఇస్నోఫీలియా' అనే మాట వినని ఇల్లు అరుదు. పిల్లవానికి తరచుగా జలుబు చేసినా, పెద్దవారికి చలికాలంలో ఆయాసం వచ్చినా, తెల్లవారుజామున తుమ్ములు ఎడతెరిపి లేకుండా వచ్చినా 'అది ఇస్నోఫీలియా అయి ఉంటుంది' అని ఇరుగుపొరుగువారే నిర్ణయించడం మనకు పరిపాటి. ఆవకాయ జాడీతో పాటు ఈ మాట కూడా మన వెంట సముద్రాలు దాటి వచ్చింది. అయితే ఇక్కడి వైద్యునితో 'నాకు ఇస్నోఫీలియా ఉన్నది' అని చెబితే ఆయన మన ముఖం వంక కొంత ఆశ్చర్యంగా చూస్తాడు. ఆ మాట ఆయనకు తెలియక కాదు. ఆయన దృష్టిలో అది వ్యాధి పేరు కాదు. రక్తపరీక్షలో కనిపించే ఒక లక్షణం పేరు మాత్రమే.

ఈ పదానికి మూలం ఒక ప్రయోగశాల రంగు. దాని పేరు ఇయోసిన్. ఈ రంగుకు ఆ పేరు ఎందుకు వచ్చింది, ఆ పేరు రక్తకణానికి ఎలా సంక్రమించింది, అక్కడి నుండి మన ఇళ్ళలోకి ఎలా ప్రవేశించింది, ప్రవాసంలో ఉన్న మనం దాని అర్థాన్ని సరిగా తెలుసుకోవడం ఎందుకు అవసరం అనే విషయాలను వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

పేరు పుట్టిన విధం

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞులు తారునుండి లభించే పదార్థాలతో కొత్త కొత్త రంగులను సృష్టిస్తూ వచ్చారు. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే ఆచార్యుడు థాలిక్ అన్‌హైడ్రైడ్, రిసార్సినాల్ అనే రెండు పదార్థాలను కలిపి వేడిచేసి ఒక పసుపు పదార్థాన్ని తయారుచేశాడు. దానిని క్షారం కలిపిన నీటిలో కరిగిస్తే ఆకుపచ్చని వెలుగు చిమ్ముతుంది. ఈ గుణాన్ని ప్రతిదీప్తి అంటారు. ఆ గుణాన్ని బట్టే ఆ పదార్థానికి ఫ్లోరెసీన్ అనే పేరు వచ్చింది.

బి.ఎ.ఎస్.ఎఫ్. అనే రంగుల సంస్థలో పనిచేస్తున్న హైన్రిఖ్ కారో ఈ ఫ్లోరెసీన్‌ను బ్రోమిన్‌తో చర్య జరిపించాడు. పసుపు పోయి అందమైన గులాబీ ఎరుపు వచ్చింది. పట్టుబట్టలపై ఆ రంగు ఎంతో మనోహరంగా నిలిచింది. 1874లో ఆ సంస్థ దానిని ఇయోసిన్ అనే పేరుతో విపణిలోకి తెచ్చింది. తయారీ విధానాన్ని రహస్యంగా ఉంచాలని సంస్థవారు భావించారు గాని, ఆ మరుసటి సంవత్సరమే ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే ప్రసిద్ధ రసాయనశాస్త్రవేత్త ఆ రంగును విశ్లేషించి, అది బ్రోమిన్ చేరిన ఫ్లోరెసీన్ అని ప్రకటించాడు. దానితో రహస్యం బట్టబయలైంది.

గ్రీకు పురాణాలలో ఇయోస్ అంటే ప్రభాతానికి అధిదేవత. తెల్లవారే వేళ తూర్పు దిక్కున పరచుకొనే గులాబి కాంతి ఆమెది. ఆ కాంతిని పోలిన రంగు కనుక ఇయోసిన్ అన్నారు. కారో తన బాల్య స్నేహితురాలిని ఇయోస్ అనే ముద్దుపేరుతో పిలిచేవాడనీ, ఆమె జ్ఞాపకార్థమే ఈ పేరు పెట్టాడనీ ఒక కథ కూడా ప్రచారంలో ఉన్నది. ఏది నిజమైనా పేరు మాత్రం రంగుకు తగినట్లు కుదిరింది.

ఇక్కడ మన పాఠకులకు ఆసక్తి కలిగించే భాషావిశేషం ఒకటి ఉన్నది. గ్రీకుల ఇయోస్, రోమనుల అరోరా, ఋగ్వేదంలోని ఉషస్సు ఈ ముగ్గురూ ఒకే మూలధాతువు నుండి పుట్టిన అక్కచెల్లెళ్ళు. అచ్చుల మధ్య ఉండే 'స' కారం గ్రీకు భాషలో కాలక్రమాన లోపించడం వల్ల పోలిక వెంటనే కనిపించదు. సంస్కృతంలో ఆ ధ్వని 'ష' కారంగా నిలిచి ఉన్నది. తూర్పు దిక్కుకు ఆంగ్లంలో ఉన్న 'ఈస్ట్' అనే మాట కూడా ఈ కుటుంబానికే చెందినది. మన ఆడపిల్లలకు ఉష అని పేరు పెట్టుకొనేటప్పుడు, జర్మనీలో పుట్టిన ఈ రంగుకు ఇయోసిన్ అని పేరు పెట్టినప్పుడు, పిలిచినది ఒకే వేకువను.

ఒకే పేరు, రెండు రంగులు

ప్రయోగశాల సామగ్రి జాబితాలో ఇయోసిన్ అనే పేరు ఒంటరిగా కనిపించదు. 'ఇయోసిన్ వై', 'ఇయోసిన్ బి' అని తోక తగిలించి ఉంటుంది. ఈ అక్షరాలకు పెద్ద రహస్యార్థమేమీ లేదు. వై అంటే 'యెల్లోయిష్', అనగా పసుపు ఛాయ కలది. బి అంటే 'బ్లూయిష్', అనగా నీలి ఛాయ కలది. మొదటి దానిలో నాలుగు బ్రోమిన్ పరమాణువులు ఉంటాయి. రెండవదానిలో రెండు బ్రోమిన్ పరమాణువులు, రెండు నైట్రో వర్గాలు ఉంటాయి. వైద్య ప్రయోగశాలలలో ఎక్కువగా వాడేది ఇయోసిన్ వై.

పరమాణువులను మార్చితే రంగు, దానితో పాటు పేరు కూడా మారుతాయి. బ్రోమిన్‌కు బదులు నాలుగు అయొడిన్ పరమాణువులు చేరితే అది ఎరిత్రోసిన్. గ్రీకులో ఎరుపును తెలిపే మాట నుండి ఈ పేరు వచ్చింది. మిఠాయిలకు, చెర్రీ పండ్లకు ఎర్రదనం తెచ్చే రంగుగా ఇది చాలా కాలం వాడుకలో ఉన్నది. 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆహార పదార్థాలలో దీని వాడకానికి ఇచ్చిన అనుమతిని ఉపసంహరించి, తయారీదారులకు కొంత గడువు ఇచ్చింది. ఇయోసిన్‌కు నాలుగు క్లోరిన్ పరమాణువులు అదనంగా చేరితే ఫ్లాక్సిన్ అవుతుంది. అందరూ ఒక తల్లి బిడ్డలే.

ఒకే రంగుకు వేర్వేరు వ్యాపారులు వేర్వేరు పేర్లు పెట్టడం, వేర్వేరు రంగులకు ఒకే పేరు పెట్టడం ఆ రోజులలో సర్వసాధారణం. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1924లో ఇంగ్లండులోని రంగరుల సంఘం 'కలర్ ఇండెక్స్' అనే వర్ణసూచికను ప్రచురించింది. నేడు అందులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సంఖ్య ఉంటుంది. ఇయోసిన్ వై సంఖ్య 45380. ఇయోసిన్ బి సంఖ్య 45400. ఎరిత్రోసిన్ సంఖ్య 45430. పేరు మోసం చేయవచ్చును గాని సంఖ్య చేయదు. అందుచేత సీసాపై పేరుతో పాటు సంఖ్యను కూడా చూసి కొనడం ప్రయోగశాల నియమం.

ఇయోసిన్‌కు ఒక బలహీనత ఉన్నది. వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో ఇయోసిన్‌తో చేసిన ఎరుపును ఎంతో ఇష్టంగా వాడాడు. 1890లో ఆయన గులాబి రంగులో చిత్రించిన రోజాపూలు నేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో దాదాపు తెల్లగా కనిపించడానికి కారణం ఇదే. బట్టల అద్దకానికి ఇది లోపమే గాని, సూక్ష్మదర్శిని క్రింద ఉంచే గాజు పలకకు ఈ లోపం అంత పెద్ద అడ్డంకి కాలేదు.

ఆమ్లవర్ణకం అంటే ఏమిటి?

ఇయోసిన్‌ను ఆమ్లవర్ణకం అంటారు. ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. చింతపండు పులుసు వలె దీనికి పుల్లదనం ఏమీ ఉండదు. నీటిలో కరిగినప్పుడు రంగును మోసే భాగం ఋణవిద్యుదావేశాన్ని పొందితే దానిని ఆమ్లవర్ణకమనీ, ధనావేశాన్ని పొందితే క్షారవర్ణకమనీ వ్యవహరిస్తారు. సోడియం లవణంగా ఉన్న ఇయోసిన్ నీటిలో కరగగానే సోడియం అయానులు విడిపోతాయి. ఋణావేశం కల గులాబీ భాగం మిగులుతుంది.

జీవకణాలలోని మాంసకృత్తులలో లైసిన్, ఆర్జినిన్ వంటి అమైనో ఆమ్లాలకు ధనావేశం ఉంటుంది. వ్యతిరేక ఆవేశాలు ఒకదానినొకటి ఆకర్షిస్తాయన్న సంగతి పాఠశాలలోనే చదువుకొన్నాము. కనుక ఇయోసిన్ వెళ్ళి ఆ మాంసకృత్తులను అంటిపెట్టుకొంటుంది. ద్రావణంలో ఒకటి రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేస్తే మాంసకృత్తుల ధనావేశం మరికొంత పెరిగి రంగు మరింత చక్కగా పడుతుంది. ఎర్రరక్తకణాలు నారింజ ఎరుపుగాను, కండరాలు గులాబిగాను, సంధాయక కణజాలం లేత గులాబిగాను కనిపిస్తాయి. ఒకే రంగులో ఇన్ని ఛాయలు రావడమే ఇయోసిన్‌కు ప్రయోగశాలలో ఇంతటి గౌరవం తెచ్చిన గుణం.

అయితే ఇయోసిన్ ఒక్కటే చాలదు. కణకేంద్రకంలోని కేంద్రకామ్లాలకు ఋణావేశం ఉంటుంది. వాటిని చూపడానికి ధనావేశం కల మరొక రంగు కావాలి. ఆ రంగు హిమటాక్సిలిన్. మెక్సికోలోని కంపెచె ప్రాంతపు ఒక చెట్టు చేవ నుండి దానిని తీస్తారు. గ్రీకులో 'హైమా' అంటే రక్తం, 'జైలాన్' అంటే కర్ర. ఈ రెండూ కలిసి ఆ చెట్టు పేరు, రంగు పేరు ఏర్పడ్డాయి. హిమటాక్సిలిన్ దానంతట అది కణాలకు అంటదు. ముందు గాలితోనో మరొక రసాయనంతోనో ఆక్సీకరణం చెందాలి. తరువాత పటికతో కలవాలి. పటికలోని అల్యూమినియం రంగుకు, కేంద్రకానికి మధ్య వారధిగా నిలుస్తుంది.

ఈ పటిక సంగతి తెలుగువారికి కొత్త కాదు. మచిలీపట్నం, పెడన కలంకారీ పనివారు బట్టను కరక్కాయ నీటిలో ముంచి, ఎరుపు కావలసిన చోట పటిక నీటితో అచ్చు వేసి, ఆ తరువాత ఎర్ర రంగునిచ్చే వేరుతో ఉడికించే పద్ధతి తరతరాలుగా వస్తున్నది. పటిక పడిన చోటనే రంగు నిలుస్తుంది. పడని చోట నిలువదు. వస్త్రానికి రంగరి చేసే పనినే కణజాలానికి ప్రయోగశాలలోని సాంకేతిక నిపుణుడు చేస్తాడు. సూత్రం ఒకటే.

హిమటాక్సిలిన్, ఇయోసిన్ రెండింటినీ కలిపి వాడే పద్ధతి 1870ల నడుమ మొదలయింది. నీలి ఊదా రంగులో కేంద్రకం, దాని చుట్టూ గులాబి రంగులో కణద్రవ్యం. శరీరంలోని ఏ గడ్డను కోసి పరీక్షకు పంపినా, అది ప్రమాదకరమైనదా కాదా అని తేల్చడానికి వైద్యులు నేటికీ మొట్టమొదట చూసేది ఈ జంట రంగులనే. నూట యాభై సంవత్సరాలు గడిచినా ఈ జంటను త్రోసిరాజన్న మరొక సామాన్య పద్ధతి రాలేదు.

రంగు పేరు కణానికి వచ్చిన కథ

1846లో వార్టన్ జోన్స్ అనే ఆంగ్ల వైద్యుడు రక్తంలో ముతక రేణువులతో నిండిన తెల్లకణాలు కొన్ని ఉన్నాయని గమనించాడు. కాని రంగు వేయని కణాలు సూక్ష్మదర్శిని క్రింద దాదాపు ఒకే విధంగా ఉంటాయి. వాటిని జాతులుగా విడదీయడానికి దారి చూపినవాడు పాల్ ఎర్లిక్. ఆయన అప్పటికి ఇరవై అయిదేళ్ళ యువకుడు. రంగులంటే వల్లమాలిన అభిమానం. రక్తపు బొట్టును గాజు పలకపై పలుచగా పరచి, వేడితో ఆరబెట్టి, రకరకాల రంగులను ప్రయోగించి చూశాడు.

1879లో ఆయన ఒక విశేషాన్ని ప్రకటించాడు. కొన్ని తెల్లకణాలలోని రేణువులు ఆమ్లవర్ణకాలను, ముఖ్యంగా ఇయోసిన్‌ను, ఆత్రంగా పీల్చుకొని ప్రకాశవంతమైన ఎరుపుగా మారుతున్నాయి. గ్రీకులో 'ఫిలోస్' అంటే ప్రియమైనది. ఇయోసిన్‌పై ప్రీతి కల కణం కనుక ఇయోసినోఫిల్ అయింది. అదే పద్ధతిలో క్షారవర్ణకాలను కోరే కణం బేసోఫిల్ అనీ, రెండింటి మిశ్రమమైన తటస్థ వర్ణకానికి లొంగే కణం న్యూట్రోఫిల్ అనీ పేర్లు పొందాయి. కణాల పని ఏమిటో తెలియకముందే, అవి ఏ రంగును స్వీకరిస్తాయో తెలిసింది. పేర్లు కూడా అందుకు తగినట్లే వచ్చాయి.

ఇయోసిన్‌పై ఆ కణానికి అంత ప్రీతి ఎందుకో తెలియడానికి మరొక తొమ్మిది దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ రేణువులలో ఆర్జినిన్ సమృద్ధిగా కల, తీవ్రమైన ధనావేశం కల మాంసకృత్తు ఒకటి దట్టంగా నిండి ఉంటుందని 1970లలో తేలింది. పురుగుల పొరలను ఛేదించే శక్తి దానికి ఉన్నది. అదే మాంసకృత్తు ఉబ్బసంలో మన శ్వాసనాళాల లోపలి పొరను కూడా గాయపరుస్తుంది. ఎర్లిక్ చూసిన ఎరుపు, వైద్యులు చూసే ఆయాసం, రెండూ ఆ ధనావేశపు మాంసకృత్తు చేసే పనులే.

1891లో రొమనోవ్‌స్కీ అనే రష్యన్ వైద్యుడు మిథిలీన్ బ్లూ, ఇయోసిన్ రంగుల మిశ్రమంతో మలేరియా క్రిమిని స్పష్టంగా చూపగలిగాడు. దానిని మెరుగుపరచి లీష్మన్ 1901లోను, రైట్ 1902లోను, గీమ్సా 1904లోను తమ తమ మిశ్రమాలను రూపొందించారు. ఆంధ్రదేశపు ప్రయోగశాలలలో లీష్మన్ రంగు ఎక్కువ వాడుక. అమెరికాలో రైట్ రంగు ఎక్కువ. పేర్లు ఏవైనా అన్నింటిలోను ఎరుపు వంతు ఇయోసిన్‌దే.

'ఫిలియా' అనే ప్రత్యయం

ఇక ఇయోసినోఫిలియా సంగతి. ఇక్కడ 'ఫిలియా' అంటే ఆ కణాలు ఉండవలసిన దానికంటే అధికంగా ఉన్న స్థితి అని మాత్రమే అర్థం. 'నాకు జ్వరం ఉన్నది' అన్నప్పుడు ఆ జ్వరానికి కారణం మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, సామాన్యమైన పడిశం కావచ్చు. అదే విధంగా ఇయోసినోఫిలియాకు కూడా కారణాలు అనేకం. ఉబ్బసం, పుప్పొడి సరిపడకపోవడం, కొన్ని మందులు సరిపడకపోవడం, ఏలికపాములు, కొంకిపురుగులు, బోదకాలు క్రిములు, అరుదుగా రక్తానికి సంబంధించిన తీవ్రవ్యాధులు వీటిలో కొన్ని.

రక్తపరీక్ష నివేదికలో ఇయోసినోఫిల్ సంఖ్య రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి శాతం, రెండవది అసలు సంఖ్య. శాతం మాత్రమే చూసి కంగారు పడరాదు. ఒక ఉదాహరణ చూద్దాము. ఒకరి రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు 8,000. అందులో ఇయోసినోఫిల్స్ 12 శాతం. అనగా 8,000ను 12తో గుణించి 100తో భాగిస్తే 960. మరొకరికి తెల్లకణాలు 3,500. శాతం అదే 12. వారి అసలు సంఖ్య 420 మాత్రమే. సాధారణంగా 500 లోపు ఉంటే సహజమని భావిస్తారు. 500 నుండి 1,500 వరకు స్వల్పం, 1,500 నుండి 5,000 వరకు మధ్యమం, 5,000 దాటితే తీవ్రం. ఇద్దరి శాతం ఒకటే అయినా మొదటివారికి ఇయోసినోఫిలియా ఉన్నది, రెండవవారికి లేదు.

ఆరోగ్యవరం నుండి పెర్ల్ రివర్ వరకు

ఒక లక్షణం పేరు మన ఇళ్ళలో వ్యాధి పేరుగా స్థిరపడడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తెలుగునేలకు, ఒక తెలుగువానికి ముఖ్యమైన స్థానం ఉన్నది.

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో ప్రసిద్ధమైన క్షయరోగ చికిత్సాలయం ఉండేది. అక్కడి వైద్యులు ఫ్రిమొట్-మోలర్, బార్టన్ అనేవారు 1940లో ఒక విచిత్రమైన స్థితిని వర్ణించారు. రోగులకు దగ్గు, జ్వరం ఉన్నాయి. ఎక్స్-రే చిత్రంలో ఊపిరితిత్తులపై క్షయలో వలె మచ్చలు ఉన్నాయి. కాని కఫంలో క్షయక్రిములు లేవు. రక్తంలో మాత్రం ఇయోసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. ఇది క్షయను పోలినదే గాని క్షయ కాదని వారు గుర్తించారు. క్షయ అంటే కుటుంబమంతా కుమిలిపోయే ఆ రోజులలో, ఇది క్షయ కాదని గాజు పలకపై గులాబి రంగు చెప్పిన మాట ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి 'ట్రాపికల్ ఇయోసినోఫిలియా' అని పేరు పెట్టాడు. ఆనాడు ఆర్సెనిక్, అనగా పాషాణం, కలిసిన మందులతో చికిత్స చేసేవారు. తెలుగునాట 'ఇస్నోఫీలియా' అనే మాట ఇంతగా పాతుకుపోవడానికి కోస్తా ప్రాంతంలో చిరకాలంగా ఉన్న బోదకాలు వ్యాధికీ, ఈ దగ్గుకూ ఉన్న బంధుత్వమే ముఖ్య కారణమని తోస్తుంది.

ఆ బంధుత్వం తరువాతి పరిశోధనల వల్ల రుజువయింది. బోదకాలు కలిగించే ఫైలేరియా పురుగుల సూక్ష్మశిశువులు ఊపిరితిత్తులలో చిక్కుకొని, శరీరం వాటిపై అతిగా స్పందించినప్పుడు ఈ వ్యాధి వస్తుంది. అందుకే రక్తంలో వెదికితే ఆ క్రిములు సాధారణంగా కనబడవు. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు ఊపిరితిత్తుల కణజాలంలోనే వాటిని చూపగలిగారు.

ఈలోగా మందు మరొక దారిన వచ్చింది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో అమెరికా వచ్చి హార్వర్డులో పరిశోధన చేశారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అది కూడా ఒక రంగు మీదనే ఆధారపడినది కావడం విశేషం: నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. తరువాత ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే పరిశోధనాలయానికి సారథ్యం వహించారు. ఆయన నాయకత్వంలోని బృందం కనుగొన్న డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు 1947లో లోకానికి వెల్లడయింది. హెట్రజాన్ అనే పేరుతో అది ప్రసిద్ధి కెక్కింది. ఫైలేరియాకు పనిచేసే ఆ మందే ట్రాపికల్ ఇయోసినోఫిలియాకు కూడా పనిచేసింది. పాషాణంతో పని తప్పింది. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందు మాత్రం బోదకాలు నిర్మూలన కార్యక్రమాలలో నేటికీ సేవ చేస్తూనే ఉన్నది.

ప్రవాసులకు ఈ పేరు ఎందుకు ముఖ్యం?

ఇంతవరకు చెప్పినది చరిత్ర. ఇక వర్తమానం. చల్లని దేశాలలో ఇయోసినోఫిల్స్ పెరిగితే వైద్యులకు మొదట తోచే కారణాలు ఉబ్బసం, అలర్జీలు. అక్కడ పుట్టి పెరిగినవారి విషయంలో చాలాసార్లు అది సరైన ఊహే. మన విషయంలో మరికొన్ని కారణాలను కూడా పరిశీలించాలి. ట్రాపికల్ ఇయోసినోఫిలియాను ఉబ్బసమని పొరబడి నెలల తరబడి పీల్చే మందులు ఇచ్చిన సందర్భాలు వైద్యపత్రికలలో కనిపిస్తాయి. రాత్రివేళ ఎక్కువయ్యే పొడిదగ్గు, పిల్లికూతలు, సాధారణంగా 3,000 దాటిన ఇయోసినోఫిల్ సంఖ్య, ఫైలేరియా ఉన్న ప్రాంతంలో నివసించి ఉండడం ఇవన్నీ కలిసినప్పుడు వైద్యునికి గుర్తు చేయడం మన బాధ్యత.

దీనికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. దాని పేరు స్ట్రాంగిలాయిడిస్. ఇది నేలలో ఉండే సన్నని పురుగు. చెప్పులు లేకుండా తడి మట్టిలో నడిచినప్పుడు పాదాల చర్మం గుండా లోపలికి ప్రవేశిస్తుంది. ఇతర పేగు పురుగులు చాలావరకు కొన్నేళ్ళకు చనిపోతాయి. ఇది మాత్రం మనిషి శరీరంలోనే తన సంతతిని పెంచుకొంటూ దశాబ్దాల తరబడి ఉండగలదు. చిన్ననాడు పొలంగట్ల మీద తిరిగిన మనిషి, ముప్పై నలభై సంవత్సరాలుగా విదేశంలో ఉన్నప్పటికీ, ఆ పురుగును మోస్తూ ఉండవచ్చు. చాలామందికి బాధలేమీ ఉండవు. రక్తంలో ఇయోసినోఫిల్స్ కాస్త పెరగడమే ఒక్కొక్కసారి దొరికే ఏకైక ఆధారం. కొందరిలో అది కూడా ఉండదు.

ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, ఉబ్బసానికో కీళ్ళవాతానికో మరొక వ్యాధికో స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు. స్టెరాయిడ్ వల్ల శరీరపు రక్షణ తగ్గి పురుగులు విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులకు, ఇతర అవయవాలకు వ్యాపిస్తాయి. అది ప్రాణాంతకం. మోసకరమైన సంగతి మరొకటి: స్టెరాయిడ్లు ఇయోసినోఫిల్ సంఖ్యను తగ్గిస్తాయి. నివేదికలో అంకె తగ్గింది కనుక రోగం తగ్గిందని అందరూ సంతోషిస్తూ ఉండగా లోపల ముప్పు ముదురుతూ ఉంటుంది. ఈ పురుగును కనిపెట్టడానికి రక్తపరీక్ష ఉన్నది. తగిన మందు ఉన్నది. ముందుగా అడగడమే కావలసినది.

కనుక మన ఇళ్ళలో పాటించదగిన విషయాలు నాలుగు. మొదటిది, స్వదేశం నుండి వచ్చే తల్లిదండ్రుల పాత రక్తపరీక్ష నివేదికలను భద్రపరచడం. రెండవది, నివేదికలో శాతంతో పాటు అసలు సంఖ్యను కూడా చూడడం. మూడవది, స్టెరాయిడ్ చికిత్స దీర్ఘకాలం సాగవలసి ఉంటే 'మేము ఉష్ణదేశంలో పెరిగినవారము, పురుగుల పరీక్ష అవసరమా' అని వైద్యుని ముందే అడగడం. నాలుగవది, 'ఇస్నోఫీలియా ఉన్నది' అనే మాటతో ఆగిపోకుండా, 'దానికి కారణం ఏమిటి' అని అడగడం. దుకాణంలో దొరికే మందులతో సొంత వైద్యం మాత్రం కూడదు.

కారణం ఉబ్బసమే అని తేలినప్పుడు కూడా నేడు దారులు పెరిగాయి. ఇయోసినోఫిల్స్ ఉత్పత్తిని ప్రోత్సహించే సంకేతాన్ని అడ్డగించే మెపొలిజుమాబ్ అనే మందును 2015లో అమెరికాలో ఆమోదించారు. ఎర్లిక్ చూసిన ఎర్రని రేణువుల కణమే ఇప్పుడు చికిత్సకు గురి అయింది.

తెలుగులో ఏమనాలి?

ఇయోసినోఫిల్‌ను తెలుగులో ఏమనాలి అనే ప్రశ్న సహజం. అర్థాన్ని బట్టి 'ఉషఃప్రియ కణం' అనవచ్చు. మాట అందంగానే ఉన్నది. రంగును బట్టి 'అరుణప్రియ కణం' అన్నా తప్పులేదు. రంగుకు సంస్కృతంలో ఉన్న రంజనం అనే మాటకు రంగు వేయడం, సంతోషపెట్టడం అని రెండర్థాలూ ఉన్నాయి గనుక 'ప్రియ' అనే చేర్పు మన భాషకు సహజంగా ఇముడుతుంది. అయినా వైద్యునితో మాట్లాడేటప్పుడు, నివేదిక చదివేటప్పుడు అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పేరును అట్లే ఉంచడం క్షేమం. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఉషఃప్రియ కణమని చెప్పి, దాని వెనుక ఉన్న గ్రీకు మాటను, వేదంలోని ఉషస్సును, ఎర్లిక్ గాజు పలకను వివరిస్తే, ఆ పిల్లలు ఆ పేరును జీవితాంతం మరువరు.

నేటి పెద్ద ఆసుపత్రులలో రక్తకణాలను చాలావరకు యంత్రాలు లెక్కిస్తాయి. కణంపై కాంతిని ప్రసరింపజేసి, అది చెదిరే తీరును బట్టి దాని జాతిని తేలుస్తాయి. ఆ లెక్కలో ఇయోసిన్ చుక్క ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. అయినా యంత్రం అచ్చువేసే కాగితం మీద ఆ రంగు పేరే ఉంటుంది. యంత్రం ఇచ్చిన అంకెపై సందేహం కలిగితే, నిపుణుడు మళ్ళీ గాజు పలక తీసి, రక్తపు బొట్టును పలుచగా పరచి, గులాబి రంగు వేసి, స్వయంగా చూస్తాడు. ఈసారి మీ ఇంటికి రక్తపరీక్ష నివేదిక వచ్చినప్పుడు ఆ వరుసను వెదకండి. శాతాన్ని తెల్లకణాల సంఖ్యతో గుణించి, నూరుతో భాగించి, అసలు సంఖ్య ఎంతో మీ పిల్లలచేత లెక్క కట్టించండి. ఆ సంఖ్య 500 దాటితే, కారణం ఏమిటని వైద్యుని అడగండి.